కర్ట్జ్ చీకటి సరే, మార్లో చెప్పిన అబద్ధం సంగతేంటి?

రాత్రిదీపం | 9 జనవరి, రాత్రి 11:42

అందరికీ నమస్తే. జోసెఫ్ కాన్రాడ్ రాసిన ఇంగ్లీషు నవల హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్ 20 ఏళ్ళ కింద ఎమ్మేలో పరీక్ష కోసం చదివాను, "మనిషి తన లోపలి చీకటిలోకి చేసే ప్రయాణం" అని రెండు పేజీలు రాసి వచ్చేశా. ఇప్పుడు మళ్ళీ చదివాను, నాగోల్ నుంచి రాయదుర్గం పోతూ వస్తూ మెట్రోలో నాలుగు రోజుల్లో అయిపోయింది. అయిపోయింది అంటున్నా గానీ అది నన్ను వదలట్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

చదవని వాళ్ళ కోసం కథ టూకీగా. థేమ్స్ నది సముద్రంలో కలిసే దగ్గర ఒక పడవ ఆటు కోసం లంగరేసుకుని ఉంటుంది, పొద్దుగూకుతుంటే మార్లో అనే నావికుడు పడవలో ఉన్న నలుగురికీ తన పాత కథ చెప్తాడు. అతను ఒక కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుని ఆఫ్రికాలో ఒక పెద్ద నది మీద స్టీమర్ నడపడానికి వెళ్తాడు. పైన ఎక్కడో లోపలి స్టేషన్లో కర్ట్జ్ అని ఏజెంటు ఉన్నాడు, అందరికంటే ఎక్కువ ఏనుగుదంతం పంపేది ఆయనే, గొప్ప వక్త, బొమ్మలేస్తాడు, అక్కడి జనాన్ని ఉద్ధరించడానికే వచ్చానంటాడు. తీరా వెళ్ళి చూస్తే ఆయన ఇంటి ముందు గుంజల మీద మనుషుల తలకాయలు. ఆయన దగ్గరే తిరిగే రష్యన్ కుర్రాడొకడు, పాతికేళ్ళవాడు, రంగురంగుల మాసికల బట్టలతో ఉంటాడు, అతను ఇంకా ఆయన్ని దేవుడిలాగే చూస్తుంటాడు. ఆ ఉద్ధరణ గురించి కర్ట్జ్ రాసిన 17 పేజీల రిపోర్టు ఉంటుంది, మాటలు ఎంత అందంగా ఉంటాయంటే చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది అంటాడు మార్లో, చివరి పేజీ అడుగున మాత్రం తర్వాతెప్పుడో వణికే చేత్తో రాసిన ఒక్క లైను, ఆ పశువులందర్నీ తుడిచిపెట్టేయండి అని. తిరుగు ప్రయాణంలో కర్ట్జ్ "ఘోరం! ఘోరం!" అంటూ చనిపోతాడు. ఏడాది దాటాక మార్లో ఆయన పెళ్ళాడాల్సిన అమ్మాయిని చూడ్డానికి వెళ్తే ఆమె ఇంకా నల్లబట్టల్లోనే ఉంది, ఆయన ఆఖరి మాట ఏంటో చెప్పండి, దాంతోనే బతుకుతాను అంటుంది. మార్లో "మీ పేరే" అంటాడు.

నా ప్రశ్న ఇక్కడే. కథ మొదట్లో ఈ మార్లోనే అంటాడు, నాకు అబద్ధం అంటే అసహ్యం, అందులో చావు వాసన ఉంటుంది అని. పని గురించి చెప్తూ, పని నాకేం ఇష్టం కాదు గానీ పనిలో మనల్ని మనం కనుక్కునే అవకాశం ఉంటుంది చూడండి, అది ఇష్టం అంటాడు. మరి అంత దూరం పోయి, జ్వరంతో చావు దాకా వెళ్ళొచ్చి, తనని తాను కనుక్కుని చివరికి చేసిందేంటి, ఒక డ్రాయింగ్ రూములో కూర్చుని ఒక పెద్ద అబద్ధం చెప్పి వచ్చాడు. గుంజల మీద తలకాయల కన్నా నాకు ఆ డ్రాయింగ్ రూమే చీకటిగా అనిపించింది. ఆ గదిలో ఒక మూల పెద్ద పియానో ఉంటుంది, శవపేటికలా మెరుస్తోంది అంటాడు. ఆ రోజుల్లో పియానో మెట్లు దేనితో చేసేవాళ్ళో మనకి తెలుసు కదా, ఏనుగుదంతంతో.

ఇంకోటి. కంపెనీ స్టేషన్ దగ్గర చెట్ల కింద, పని చేయించుకుని వదిలేస్తే చచ్చిపోతున్న కూలీలు పడుంటారు. అందులో ఒకడు, వాడెవడో కుర్రాడే అనిపిస్తాడు, మార్లో జేబులోంచి బిస్కెట్ తీసి ఇస్తే వాడి వేళ్ళు మెల్లగా దాని మీద మూసుకుంటాయి, అంతే, ఇంక కదలిక ఉండదు. వాడి మెడలో ఒక తెల్ల ఊలు దారం. ఎందుకు కట్టుకున్నాడు, ఎక్కడ దొరికింది అని మార్లో అనుకుంటాడు, అనుకుని వెళ్ళిపోతాడు. పుస్తకం మొత్తంలో నాకు మిగిలింది ఆ దారమే. మీరేమంటారు?

మానేరు_తీరం | 10 జనవరి, ఉదయం 7:15

అక్కా బాగ రాసినవ్. కానీ అబద్ధం దగ్గర నేను మార్లో దిక్కే. ఆమె ఏడాది సంది ఏడుస్తున్నది, ఆమె ముంగట కూసొని నువ్వు పెళ్ళి చేసుకుందామనుకున్నోడు మనుషుల తలలు నరికి గుంజలకు గుచ్చిండమ్మా అని చెప్పుడు న్యాయమా? మన ఇండ్లల్ల సావు జరిగితే కూడా ఆఖరికి నిన్నే తలిచిండు అంటం, నిజంగ తలిచిండా లేదా ఎవరు చూడొచ్చిన్రు. మా తాత పోయినప్పుడు మా నాయినమ్మకు గట్లనే చెప్పిన్రు. దాన్ని చీకటి అంటే నాకు కష్టంగ ఉంది.

ఇంకోటి, కాన్రాడ్ ఎక్కడికెళ్ళి వచ్చిండో చూడాలె. పోలండ్ మనిషి. పుట్టింది 1857ల, వాళ్ళ దేశమే మ్యాపుల లేదు అప్పుడు, నాయిన రష్యా మీద కొట్లాడితే పెళ్ళాం పిల్లగానితో సహా వొలోగ్దాకు తరిమిన్రు, అమ్మ 1865ల పాయె, నాయిన 1869ల పాయె, పదకొండేండ్లకే దిక్కులేనోడైండు. సామ్రాజ్యం అంటే ఏందో కింద పడి నలిగినోనికి తెలుస్తది. అందుకే కథ మొదలే ఏమంటడు మార్లో, థేమ్స్ దిక్కు చూపెట్టి, ఇది గూడ ఒకప్పుడు లోకంల చీకటి తావే అంటడు, రోమన్లు వచ్చిన కాలం యాది చేస్తడు. లండన్‌ల కూసోని గా మాట అనుడు చిన్న ముచ్చట కాదు.

విజయనగరం_పంతులమ్మ | 10 జనవరి, రాత్రి 9:30

మానేరు_తీరం గారూ, ఓదార్పు అబద్ధం అంటే నేనూ ఒప్పుకుందును, కానీ ఆ అబద్ధం ఆవిడ కోసమే చెప్పాడా అన్నది చూడాలండి. ఆవిడ తన దుఃఖం గురించే కాదు, కర్ట్జ్ గొప్ప ఆశయాల గురించి కూడా మాట్లాడుతుంది, అవి చచ్చిపోకూడదు, ఆయన మాటలు నిలవాలి అంటుంది. మార్లో ఆ గదిలో నిలబెట్టింది ఒక ఆడమనిషి మనసునే కాదు, ఆ మొత్తం ఉద్ధరణ కబుర్లనీ నిలబెట్టాడు. ఆ రిపోర్టు ఒక పత్రికా మనిషికి ఇచ్చేటప్పుడు చివరి లైను ఉన్న ముక్క చింపేసి ఇస్తాడు, ఇది చాలామంది గమనించరు. అంటే అబద్ధం ఒకటి కాదు, రెండు. రెండోదానికి ఏ ఏడ్చే అమ్మాయి ఎదురుగా లేదు.

ఇక నిజం ఎవరికి చెప్తున్నాడో చూడండి. పడవలో వింటున్న వాళ్ళు ఒక కంపెనీల డైరెక్టరు, ఒక లాయరు, ఒక అకౌంటెంటు, కథ మనకి అందించే పేరులేని మనిషి. కథ మొదలయ్యే ముందు అకౌంటెంటు డామినోల పెట్టె తీసి పెడతాడు, వాటిని ఎముకలు అంటారు. లండన్లో ఇలాంటి కంపెనీలు నడిపించే చేతులే అవి. రాత్రంతా కథ విన్నాక డైరెక్టర్ నోటి నుంచి వచ్చిన మొదటి మాట, ఆటు మొదలైపోయింది, మొదటి భాగం పోగొట్టుకున్నాం అని. అంతే. నేను 15 ఏళ్ళుగా ఈ పాఠం చెప్తున్నా, ఆ లైను దగ్గర ప్రతిసారీ గొంతు ఆగుతుంది.

కానీ కాన్రాడ్ని పూర్తిగా వెనకేసుకురాలేనండి. 1975లో నైజీరియా రచయిత చినువా అచెబె మసాచుసెట్స్ యూనివర్సిటీలో ఇచ్చిన ఉపన్యాసం ఉంది, ఈ నవల మీద మాట్లాడేవాళ్ళు అది చదవకుండా మాట్లాడకూడదు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. ఒక యూరప్ వాడి మనసు చితికిపోవడం చూపించడానికి ఒక ఖండాన్నీ అందులో మనుషుల్నీ నాటకం సామాను చేశారు, అది చేసిన రచయిత జాత్యహంకారి అని. నవలలో ఆఫ్రికా వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడేది రెండే చోట్ల, ఒకసారి మనుషుల్ని తింటాం అని అడగడానికి, ఒకసారి కర్ట్జ్ చచ్చిపోయాడని చెప్పడానికి. లెక్కపెట్టి చూడండి, ఆయన చెప్పింది నిజం.

మాటల_మూట | 11 జనవరి, మధ్యాహ్నం 1:05

అనువాదాలు చేసుకునే మనిషిగా ఒక్క మాట. రాత్రిదీపం గారు "హారర్" అన్నదాన్ని ఘోరం అని రాశారు, ఎంత సహజంగా పడిందో. కానీ ఆ ఇంగ్లీషు మాటలో భయమూ ఉంది, జుగుప్సా ఉంది, చూసినదానికీ చేసినదానికీ రెండింటికీ సరిపోతుంది. తెలుగులో అలా కుదరదు, మనం ఒకటి ఎంచుకోవాలి. "భయం! భయం!" అంటే చచ్చిపోతున్న మనిషి తన చావుకి భయపడ్డాడు, అంతే. "ఘోరం" అంటే తీర్పు. ఘోరం జరిగింది అంటాం, ఘోరం చేశాడు అంటాం, చేసినవాడు ఒకడు ఉంటాడు. మార్లో కూడా దాన్ని తీర్పనే అంటాడు, చివరి నిమిషంలో తనని తానే తూచుకుని తేల్చేశాడని, అదొక గెలుపు అని. కాబట్టి ఘోరమే కరెక్టు అనుకుంటున్నా.

పేరు దగ్గర మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు. చీకటి గుండె అంటే అది కర్ట్జ్ గుండె, మనిషి లోపలి సంగతి. చీకటి నడిబొడ్డు అంటే చోటు, అడవి, ఆఫ్రికా. ఇంగ్లీషులో రెండూ ఒకే మాటలో ఉన్నాయి, ఆయనకి సులువైపోయింది. పంతులమ్మ గారు చెప్పిన అచెబె గొడవంతా ఆ ఒక్క మాటలోనే ఉంది చూడండి, చీకటి మనిషిలో ఉందా చోటులో ఉందా. తెలుగు చేసేవాడు ఏదో ఒక పక్క నిలబడక తప్పదు.

కడప_బండి | 11 జనవరి, రాత్రి 10:48

ఈ కాన్రాడ్ మన సీమ మీదుగా పోయినాడని ఎంతమందికి తెలుసో. 1884లో మద్రాసులో కెప్టెన్‌తో గొడవపడి ఓడ దిగేసి రైల్లో బొంబాయి పోయినాడు, అక్కడ నార్సిసస్ అనే ఓడ ఎక్కినాడు. అప్పటికి మద్రాసు నుంచి బొంబాయికి ఉండే లైను రేణిగుంట, కడప, గుత్తి, ఆదోని, రాయచూరు మీదుగానే. 1876-78 కరువు అయిపోయి ఆరేళ్ళే అప్పటికి, కడప కర్నూలు బళ్ళారి జిల్లాల్లో జనం లక్షల్లో పోయిన కరువు అది, పనికి వస్తేనే గంజి అని క్యాంపులు పెట్టి దినానికి చాలీచాలని బియ్యంతో బండలు కొట్టించినారు. ఆ చెట్ల కింద కూలీల సీన్ చదివినప్పుడు నాకు మా జేజి చెప్పిన ధాత కరువు మాటలే గుర్తొచ్చినాయి. కిటికీలోంచి ఆయనేం చూసినాడో ఆయనేమీ రాయలేదు, రాసింటే బాగుండు.

నదిపక్కన | 12 జనవరి, ఉదయం 5:50

నేను కాంగో దేశంలో కిన్షాసాలో మూడేళ్ళు ఉన్నాను, మందులు దిగుమతి చేసుకునే ఒక చోట గోడౌన్ పని. ఈ పుస్తకంలో నది పేరు రాయలేదు గానీ అది కాంగో నదే, కాన్రాడ్ 1890లో స్వయంగా వెళ్ళాడు. సముద్రం వైపు మటాడి దాకా ఓడలొస్తాయి, అక్కడి నుంచి కిన్షాసా దాకా నది రాళ్ళ మీద విరుచుకుపడుతూ ఉంటుంది, పడవ కాదు కదా దుంగ కూడా నిలబడదు, అందుకని ఆయన ఆ దారంతా నడిచాడు, దాదాపు 230 మైళ్ళు. మటాడి రైల్వే అదే ఏడాది మొదలుపెట్టి 1898లో పూర్తి చేశారు, నవల్లో మెడకి ఇనప పట్టీలతో గొలుసు కట్టి నడిపించే మనుషులు ఆ లైను పని చేసినవాళ్ళే. ఆయన ఆ నడకలో ఒక డైరీ రాసుకున్నాడు, పొడి పొడి ముక్కలు. జులై 3న, మజిలీ చేసే చోట ఒక బకోంగో (అక్కడి ఒక తెగ) మనిషి శవం, కాల్చారా? భరించలేని వాసన. మర్నాడు ఇంకో శవం. నెలాఖరుకి ఒక స్తంభానికి కట్టేసి ఉన్న అస్థిపంజరం. పక్కనే ఆ రోజు ఎంత దూరం నడిచింది, నీళ్ళు ఎక్కడ దొరికాయి అని లెక్కలు. నవల కంటే ఆ డైరీ చదివినప్పుడు నాకు వెన్నులో చలి పుట్టింది.

కిన్షాసా దగ్గర నది చాలా వెడల్పు, అవతలి ఒడ్డు బ్రాజవిల్, ఇంకో దేశం. మన చెరువుల్లో ఉండే గుర్రపుడెక్క అక్కడ లంకల్లాగా కొట్టుకుంటూ పోతుంటుంది, సాయంత్రం ఆఫీసయ్యాక దాన్ని చూస్తూ కూర్చునేవాళ్ళం. చీకటి ఏమీ లేదక్కడ. పెద్ద ఊరు, రాత్రంతా పాటలు, వీధి చివర కాల్చిన చేపలు. చీకటి అనేది బెల్జియం రాజు లియోపోల్డ్ లెక్కల పుస్తకాల్లో ఉంది, 1885 నుంచి 1908 దాకా అంత దేశాన్ని సొంత ఆస్తిలా పెట్టుకున్నాడు, ఒక్కసారి కూడా అక్కడ అడుగు పెట్టలేదు. మటాడిలో కాన్రాడ్‌కి పరిచయమైన రోజర్ కేస్‌మెంట్ తర్వాత బ్రిటిష్ కాన్సల్‌గా 1903లో లోపలికెళ్ళి, రబ్బరు తక్కువైందని చేతులు నరికిన ఊళ్ళలో మనుషుల్ని కూర్చోబెట్టి వాళ్ళ మాటలు రాసుకుని 1904లో రిపోర్ట్ ఇచ్చాడు. ఒకే నది దగ్గర కలిసిన ఇద్దరు, ఒకాయన నవల రాశాడు, ఒకాయన సాక్ష్యాలు రాశాడు. ఆ రిపోర్టులో మాత్రం నల్లవాళ్ళు మాట్లాడతారు.

కొండగాలి | 12 జనవరి, రాత్రి 8:22

రెండ్రోజుల నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మాది పాడేరు వైపు. రాత్రిదీపం గారూ, మీ మొదటి పోస్టు మీరే ఇంకోసారి చదువుకోండి. మార్లో అతను. కర్ట్జ్ ఆయన, తలలు నరికించినా ఆయనే. రష్యన్ కుర్రాడు పాతికేళ్ళవాడు, అతను. చెట్టు కింద చచ్చిపోతున్న మనిషి మాత్రం వాడు. కుర్రాడు కదా అని వాడు అన్నాను అంటారేమో, రష్యన్ కూడా కుర్రాడనే మీరు రాశారు.

మిమ్మల్ని తప్పు పట్టి అవమానించాలని కాదు, మీరు ఆ దారం గురించి రాసినంత బాగా ఎవరూ రాయలేదు. కానీ మా నాన్న వయసు 60, కింది నుంచి వచ్చిన వాళ్ళు, 25 ఏళ్ళ పిల్లలు, పసుపు బేరానికి వచ్చి ఏరా ఎంతకిస్తావ్ అంటారు. మా నాన్న వాళ్ళని అండీ అంటాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా కాబట్టి ఈ వాడు, వీడు అన్నవి నా చెవికి వెంటనే తగులుతాయి. మన్యం మీద వచ్చే కథలు కూడా చాలా చదివాను, టౌన్ నుంచి ఎవరో ఉద్యోగానికి వస్తారు, మా వానలో తడుస్తారు, మా థింసా ఆట చూస్తారు, మనసు కడుక్కుని దిగి వెళ్ళిపోతారు. వాళ్ళు తమని తాము తెలుసుకున్న చోటు మా ఊరు. మేము ఆ కథలో చెట్ల పక్కన చెట్లలాగా ఉంటాం. అచెబె గారి ఉపన్యాసం నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు దొరికి ఉంటే బాగుండేది, నేను ఒక్కడినే ఇలా అనుకుంటున్నానేమో అన్న బెంగ ఉండేది కాదు.

రాత్రిదీపం | 12 జనవరి, రాత్రి 11:10

కొండగాలి గారూ, చదివాక ఓ అరగంట ఏమీ రాయలేకపోయాను. మీరన్నది నిజం. నేను అంత ఆలోచించి, ప్రేమగానే రాశాననుకున్నాను, ఆ పదం నా చేతికి దానంతటదే వచ్చేసింది. ఇంగ్లీషులో అందరూ ఒకే "హీ", కర్ట్జ్‌కీ అతనికీ. ఇంగ్లీషు చేయని పని నా తెలుగు చేసింది, నేను చేశాను. ఎడిట్ చేసే ఆప్షన్ ఉంది గానీ చెయ్యను, మీ పోస్టు దేని గురించో తర్వాత చదివేవాళ్ళకి తెలియాలి. క్షమించండి.

నదిపక్కన | 13 జనవరి, ఉదయం 6:05

కొండగాలి గారి మాట చూశాక నేనూ ఒకటి చెప్పాలి, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. గోడౌన్లో కార్టన్లు దించే ఒకాయన ఉండేవాడు, మా నాన్న కంటే పెద్ద. మేమందరం బాయ్ అనేవాళ్ళం. మాలో మేము తెలుగులో వీడు ఇవాళ రాలేదేంటి అనుకునేవాళ్ళం, రిజిస్టర్లో నా చేత్తోనే లోడర్ 4 అని రాసేవాడిని. ఏడాదిన్నర అయ్యాక ఒక రోజు ఆయన ఫ్రెంచిలో నా పేరుకి అర్థం ఏంటి అని అడిగాడు. చెప్పాను. తిరిగి అడగబోతే అప్పుడు తట్టింది, అర్థం సంగతి తర్వాత, నాకు ఆయన పేరే తెలీదు. ఏడాదిన్నర ఆయన నన్ను పేరుతో పిలుస్తున్నాడు.

నేను ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు, జీతం ఎగ్గొట్టలేదు. ఆ నవల్లో అకౌంటెంట్ గుర్తున్నాడా, చుట్టూ మనుషులు చస్తుంటే గంజి పెట్టిన తెల్ల కాలర్‌తో లెక్కలు తప్పుల్లేకుండా రాసుకునేవాడు, పక్కన మంచం మీద రోగి మూలిగితే లెక్క తప్పిపోతోందని విసుక్కునేవాడు. నేను కర్ట్జ్‌లో నన్ను ఎప్పుడూ చూసుకోలేదు, తలలు నరకడం మనవల్ల కాదు కదా. ఆ అకౌంటెంట్ పేజీ వచ్చినప్పుడు మాత్రం పుస్తకం మూసేశాను.

గోదారి_గట్టు | 13 జనవరి, రాత్రి 10:15

కాంగో దాకా ఎందుకండి, నేను చెప్పేది వినండి. మాది తాళ్ళరేవు దగ్గర, కోరంగి పక్కనే. 1839 తుఫాను రాకముందు కోరంగి అంటే పెద్ద రేవు, ఓడలు కట్టేవాళ్ళు, ఇప్పుడు మడ అడవి చూడ్డానికి టూరిస్టులొస్తారు. ఆ పేరు బర్మాలో ఎలా మిగిలిపోయిందంటే, తెలుగు కూలీ ఎవడైనా సరే, శ్రీకాకుళం నుంచి పోయినా విశాఖ నుంచి పోయినా, అక్కడ వాణ్ణి కోరంగీ అనేవాళ్ళు. మా వైపు రంగూన్‌ని రంగం అనేవాళ్ళు, రంగం పోయాడు అంటే అప్పు తీర్చడానికి పోయాడనే అర్థం. మా ముత్తాత గారు కాకినాడలో స్టీమరెక్కి రంగం పోయి హార్బర్లో బస్తాలు మోశారు, 1930 మే నెలలో కోరంగీ కూలీలకీ బర్మా వాళ్ళకీ పెద్ద గొడవలయ్యాక తిరిగొచ్చేశారు.

ఇప్పుడు జార్జ్ ఆర్వెల్ ఏనుగు కథ, షూటింగ్ ఏన్ ఎలిఫెంట్‌కి వస్తాను, 1936లో వచ్చింది, చాలామందికి పాఠంగా ఉండుంటుంది. బర్మాలో మౌల్మెయిన్లో పోలీసు ఆఫీసరుగా ఉన్న తెల్లవాడు, మదమెక్కిన ఏనుగు ఒక కూలీని తొక్కి చంపింది, ఈయన తుపాకీతో వెళ్ళేసరికి ఏనుగు ప్రశాంతంగా గడ్డి తింటోంది, కాల్చక్కర్లేదని ఆయనకే తెలుసు. కానీ వెనక రెండు వేల మంది జనం చూస్తున్నారు, నవ్వుతారేమో అని కాల్చేస్తాడు. అక్కడే ఆయనకి జ్ఞానం కలుగుతుంది, తెల్లవాడు దొరతనం వెలగబెడితే మొదట పోయేది వాడి స్వేచ్ఛే, వాడు తొడుక్కున్న మాస్కుకి తగ్గట్టు వాడి మొహమే మారిపోతుంది అని. చూడలేక ఆయన వెళ్ళిపోతాడు, ఏనుగు చావడానికి అరగంట పట్టిందని తర్వాత వింటాడు, కానీ అది కూలిపోవడం, చావలేక కొట్టుకోవడం అంతా వివరంగా రాశాడు, చదువుతుంటే ఏడుపొస్తుంది. దాన్ని జరిగిందే రాశాడా కల్పించాడా అని కూడా వాదనలున్నాయి.

ఆ కూలీ ఎవరు? నల్లటి ద్రవిడ కూలీ అంటాడు మొదట. బురదలో బోర్లా, చేతులు రెండు పక్కలకీ చాచి, వీపు మీద చర్మం కుందేలుకి వలిచినట్టు వలిచేసి. చివర్లో యూరోపియన్లు ఏనుగుని కాల్చడం కరెక్టా అని వాదించుకుంటారు, వాళ్ళలో కుర్రవాళ్ళు అంటారు, పనికిమాలిన ఏ కోరంగీ కూలీ కన్నా ఏనుగే ఎక్కువ విలువ అని. కోరంగీ అని ఉందండి అక్కడ. మా ఊరి పేరు. డిగ్రీలో ఆ పాఠం చెప్పిన సారు ఆ మాట దాటేసి వెళ్ళిపోయారు, ఆయనకి తెలియదేమో, నాకూ అప్పుడు తెలీదు, ఏదో బర్మా మాట అనుకున్నా. పదేళ్ళ తర్వాత తెలిసింది, ఆ బురదలో పడి ఉన్నది మావాళ్ళలో ఒకరని. ఆర్వెల్ ఆ తర్వాత వాక్యంలో ఏమంటాడంటే, ఆ కూలీ చచ్చిపోయినందుకు తర్వాత చాలా సంతోషించాను, చట్టప్రకారం నా వైపు న్యాయం ఉండేలా చేసింది అని.

మానేరు_తీరం | 14 జనవరి, ఉదయం 8:40

అన్నా, రోమాలు లేచి నిలబడ్డయ్. కానీ ఒక ముచ్చట, గా మాట ఆర్వెల్ దాచిపెట్టలే కదా. సంతోషపడ్డ అని తన మీద తనే రాసుకున్నడు. గట్ల రాసుకోకుంటే నీకు కోరంగీ అన్న మాటే దొరకకపోతుండె. ఆ కుర్రోళ్ళు అన్న మాటను తెచ్చి పెట్టిండంటే సదివేటోనికి సిగ్గు పుట్టాలనే పెట్టిండు. కాన్రాడ్ గూడ అంతే, దారం చూపెట్టింది ఆయనే. నేను వాళ్ళను విడిచిపెట్టుమంటలేను, కానీ వాళ్ళు చూపెట్టినందుకే గదా మనం ఇయ్యాల కొట్లాడుతున్నం.

గోదారి_గట్టు | 14 జనవరి, ఉదయం 9:12

తమ్ముడూ, చూపించాడు, కాదనను, అందుకే ఇప్పటికీ ఆర్వెల్‌ని చదువుతాను, మా అబ్బాయికీ ఇచ్చాను. నా బాధ అల్లా ఒక్కటే. ఏనుగు ఎలా చచ్చిపోతోందో అంత వివరంగా రాశాడు. మనిషి దగ్గర నాలుగు లైన్లు. ఆ ఊళ్ళో ఆ కూలీకి ఎవరైనా ఉన్నారా, కబురు ఎవరు పంపారు, కాకినాడలో స్టీమర్ దిగిన వాళ్ళని ఎవరైనా వచ్చి అడిగారా మావాడేడి అని. తనని తాను తెలుసుకోవడం పూర్తయింది, కథ అయిపోయింది.

మాటల_మూట | 14 జనవరి, సాయంత్రం 6:30

కొత్తగా ఈ దారిలోకి వచ్చేవాళ్ళు హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్ బరువనిపిస్తే కాన్రాడ్‌దే 1897లో వచ్చిన చిన్న కథ ఒకటుంది, ఏన్ ఔట్‌పోస్ట్ ఆఫ్ ప్రోగ్రెస్, అది ముందు చదవండి. నది పక్క స్టేషన్లో ఇద్దరు తెల్లవాళ్ళు, వాళ్ళ గుమాస్తా పనివాళ్ళని అమ్మి ఏనుగుదంతం కొంటాడు, ఇద్దరూ మొదట ఛీ ఛీ బానిసత్వం ఎంత దారుణం అని మాట్లాడుకుంటారు, తర్వాత ఆ దంతం తూకం వేసుకుంటారు. చివరికి కాఫీలోకి చక్కెర దగ్గర కొట్టుకుని ఒకడు ఇంకొకణ్ణి కాల్చేస్తాడు. అందులో తమని తాము తెలుసుకోవడాలు అవీ పెద్దగా ఉండవు, ఇద్దరూ మామూలు మనుషులు. నాకు అదే ఇంకా నిజంగా అనిపిస్తుంది.

విజయనగరం_పంతులమ్మ | 17 జనవరి, రాత్రి 9:55

పండగ సెలవులయ్యాక ఇవాళ క్లాసులో ఆ చెట్ల కింద పేజీ తెలుగులో చేసి చదివాను, అందరికీ ఒకే అతను పెట్టి, కర్ట్జ్‌కీ అతనే. చదివి, మార్లో అడిగిన ప్రశ్నే పిల్లల్ని అడిగాను, ఆ తెల్ల దారం ఎందుకు, ఏమై ఉంటుంది అని. మార్లో తనలో తాను అనుకునేవి నాలుగు, గుర్తా, నగా, తాయెత్తా, మొక్కా అని. నేను ఆ నాలుగే బోర్డు మీద రాశాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పదు, లేచి "ఎవరో కట్టుంటారు మేడమ్" అంది. ఏమిటమ్మా అన్నాను. "మెడలో దారం అంటే ఎవరో ఒకరు కడతారు కదా మేడమ్, మనకి మనం కట్టుకోం. ఊరు వదిలి వెళ్ళేటప్పుడు మా అమ్మ నాకూ కట్టింది" అంది.

ఇన్నేళ్ళలో నాకు ఆ ఆలోచన రాలేదండి. మార్లో కూడా అతనే కట్టుకున్నాడని అనుకుంటాడు, ఎందుకు కట్టుకున్నాడు అనే అడుగుతాడు, ఎవరు కట్టారు అని అడగడు.

మాటల_మూట | 17 జనవరి, రాత్రి 10:20

మేడమ్, అద్భుతంగా ఉంది, కానీ కొంచెం జాగ్రత్త కూడా అవసరం అనిపిస్తోంది. మన తాయెత్తు అలవాటు తీసుకెళ్ళి వాళ్ళ మెడలో కట్టేస్తున్నామేమో. అది సముద్రం అవతలి నుంచి వచ్చిన దారం అని మార్లోనే అంటాడు, కంపెనీ సరుకులోంచి ఊడిన పోగు అయినా కావచ్చు.

కొండగాలి | 17 జనవరి, రాత్రి 10:41

పోగు ఎక్కడిదైనా కట్టిన చెయ్యి ఒకటి ఉంటుందిగా అండి.

రాత్రిదీపం | 17 జనవరి, రాత్రి 11:58

ఇందాక మళ్ళీ ఆ పేజీ తీశాను. అతని వేళ్ళు బిస్కెట్ మీద మూసుకున్నాక మార్లో దారం వంక చూస్తాడు, నాలుగు ప్రశ్నలు వేసుకుంటాడు. అదే చెట్టు కింద ఇంకో ఇద్దరు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంటారు, ఒకతను గడ్డం మోకాళ్ళ మీద ఆనించి ఎటో చూస్తుంటాడు. ఆ ఇద్దరినీ నేను మొన్న చదివినప్పుడు దాటేసి వెళ్ళాను, నా పోస్టులో కూడా లేరు. పంతులమ్మ గారూ, రేపు క్లాసుంటే వాళ్ళ గురించి కూడా ఆ అమ్మాయిని అడుగుతారా?